‘అంగ మొగ్గ’ అనాలా, ‘అంగ మొలక’ అనాలా?

ప్రశ్న: పిండాభివృద్ధి పాఠంలో ‘లింబ్ బడ్’కి (పిండంలో చెయ్యి, కాలు మొదలయ్యే బుడిపెకి) ‘అంగ మొగ్గ’ అని పెట్టాం. సరిపోతుందా? ‘మొగ్గ విచ్చుకుని వేళ్లు మొలుస్తాయి’ అన్న వాక్యం గురించీ చెప్పండి.

జవాబు: మల్లెమొగ్గలో రేకులన్నీ ముందే మడతపడి ఉంటాయి, విచ్చుకోవడమే తరువాయి. చెయ్యి అలా రాదండి. మనిషి పిండంలో సుమారు 26వ రోజుకు చేతి బుడిపె, ఒకటి రెండు రోజులకు కాలి బుడిపె కనిపిస్తాయి. అప్పటికి లోపల ఎముకా లేదు, వేలూ లేదు. పలచని పైపొర కింద ఒకేలా కనిపించే కణాల ముద్ద, అంతే. కొసన ఆ పొర సన్నటి గట్టులా మందమవుతుంది. గట్టు నుంచి వచ్చే ఎఫ్‌జీఎఫ్ ప్రోటీన్ల వల్లే కింది కణాలు బతికి, పెరుగుతూ ఉంటాయి. 1948లో పిండశాస్త్రవేత్త జాన్ సాండర్స్ కోడిపిండం రెక్క మీది గట్టును కోసి తీసేశారు. తొందరగా తీస్తే జబ్బ ఎముక దగ్గరే ఆగిపోయింది. ఆలస్యంగా తీస్తే ముంజేయి దాకా వచ్చి, వేళ్లు రాలేదు. కొసనుంచి సాగేదాన్ని మొలక అనడమే న్యాయం.

మరో ప్రశ్న: ‘చిగురు’ ఇంకా అందంగా ఉంటుంది కదా?

జవాబు: చిగురు గిల్లితే పక్క కొమ్మలొస్తాయి. గట్టు తీస్తే పక్కనుంచి ఏమీ రాదు. అందుకే వద్దు.

మరో జవాబు: కోడిదీ రెక్కే, ‘రెక్కాడితేగాని డొక్కాడదు’లో మనిషిదీ రెక్కే. ఈ మాటను పాఠంలో వాడుకోండి. కోడి రెక్క మొలకలోనూ మన చేతి మొలకలోనూ పనిచేసేది టీబీఎక్స్5 జన్యువే. అందులో లోపముంటే బొటనవేలు సరిగా ఏర్పడకపోవడంతో పాటు గుండె గోడలో రంధ్రం కూడా ఉండొచ్చు, ఎందుకంటే గుండెకీ అదే జన్యువు కావాలి.

జవాబు: ఇంకొకటి. ‘ముందువైపు, వెనకవైపు’ అని రాస్తే అరచేయి, చేతి పైవైపు అనుకుంటారు. ‘బొటనవేలి వైపు, చిటికెనవేలి వైపు’ అనండి. చిటికెనవేలి వైపు అంచున ఉన్న కొద్ది కణాలే ఏ వేలు ఎక్కడో నిర్ణయిస్తాయి. కోడి మొలకలో ఆ ముక్కను బొటనవేలి వైపు అంటిస్తే 2-3-4 వేళ్లకు బదులు 4-3-2-2-3-4 అని అద్దంలో బొమ్మలా వస్తాయి. సాండర్స్, గాసెలింగ్ 1968లో దీన్ని వివరించారు. ఆ కణాలు పంపే సంకేతం సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్ అని 1993లో తేలింది. దాన్ని అదుపు చేసే డీఎన్‌ఏ ముక్క దాని జన్యువుకు దాదాపు పది లక్షల అక్షరాల దూరంలో ఉంటుంది. అందులో ఒక్క అక్షరం మారినా బొటనవేలి పక్కన అదనపు వేలు రావచ్చు.

మరో జవాబు: ‘వేళ్లు మొలుస్తాయి’ కూడా పొరపాటే. ముందు తెడ్డులాంటి చెయ్యి వస్తుంది, అందులో వేళ్ల గీతలు పడతాయి, తర్వాత మధ్య కణాలు చచ్చిపోయి సందులు ఏర్పడతాయి. ఆ చావుకు ఆనతి బీఎంపీ ప్రోటీన్లది. బాతు కాలిలో గ్రెమ్లిన్ అనే ప్రోటీన్ వాటిని అడ్డుకుంటుంది కాబట్టి పొర మిగులుతుంది. మనలో మిగిలితే వేళ్లు అతుక్కుని పుడతాయి.

ప్రశ్న అడిగినవారు: అయితే ఇలా మారుస్తున్నాం: ‘చేతి మొలక కొసనుంచి సాగి తెడ్డులా వెడల్పవుతుంది. ఎనిమిదో వారం చివరికి వేళ్లు చీలుతాయి.’

జవాబు: ‘చీలుతాయి’ అంటే వేలే రెండైనట్టు ఉంది. ‘వేళ్ల మధ్య పొర కరిగిపోతుంది’ అని రాయండి.