జీఎస్‌ఎంఏలో (పలు స్కాన్‌ల ర్యాంకులు కూడి చేసే మెటా-ఎనాలిసిస్‌లో) స్టడీలకి వెయిట్ పెడితే పీ-విలువ మారిపోతోంది, ఏది రాయాలి?

క్రోమో22: ఏడు లింకేజ్ స్కాన్‌లు (కుటుంబాల్లో జబ్బుతో పాటు వచ్చే జీనోమ్ భాగాల్ని వెతికేవి), 30 సెంటీమోర్గన్ల (జన్యుదూరం కొలత) చొప్పున 120 బిన్‌లు, అంటే జీనోమ్ ముక్కలు. ఒక బిన్‌కి పీ వెయిట్ లేకుండా 0.006, వెయిట్‌తో 0.03. రెండూ రాయాలా? హెగెస్మా (స్టడీల మధ్య తేడాని కూడా పరీక్షించే ప్రోగ్రామ్) కూడా నడపాలా?

పెడిగ్రీ_పంతులు: ముందు సున్నాల సంగతి చూడండి. చాలా బిన్‌లలో లాడ్ (లింకేజ్ బలం చూపే స్కోరు) సున్నా ఉంటుంది. వాటన్నిటికీ సగటు ర్యాంకు ఇవ్వాలి. ఊరికే సార్ట్ చేస్తే క్రోమోజోమ్ వరుసలోనే ర్యాంకులు పడతాయి, ప్రతి స్టడీలో అదే వరుస. కూడేసరికి లేని సిగ్నల్ పుడుతుంది. అత్యధిక స్కోరుకి ర్యాంకు 120 వచ్చిందో లేదో కూడా చూడండి.

సెంటీమోర్గన్: అసలు గొడవ బిన్ హద్దులది. లాడ్ శిఖరం సరిగ్గా హద్దు మీద పడితే ఒక స్టడీలో ఇటు, ఇంకో స్టడీలో అటు పోతుంది. హద్దులు 15 సెంటీమోర్గన్లు జరిపి మళ్ళీ నడపండి.

ర్యాంక్‌సమ్: జరిపి చూసి బాగున్నది రాయమనా? అది వేట, విశ్లేషణ కాదు!

సెంటీమోర్గన్: బాగున్నది రాయమని ఎవరన్నారండీ? నా మాట సరిగా చదవండి. మొదటి హద్దులదే ఫలితం, జరిపింది నిలకడ చూడ్డానికి. అన్ని స్కాన్‌ల మార్కర్లనీ (డీఎన్‌ఏ గుర్తుల్నీ) ఒకే జన్యు మ్యాప్ మీదకి తేకపోతే ఈ వాదనే దండగ.

ర్యాంక్‌సమ్: అయితే "రెండూ నడిపాం" అని పేపర్లో రాయాలి. చాలామంది రాయరు, నా కోపం అదే.

ఆర్_కోడ్: దీనికి సాఫ్ట్‌వేరే అక్కర్లేదు, నలభై లైన్లలో రాసేస్తాను. ప్రతి స్టడీలో ర్యాంకుల్ని యాదృచ్ఛికంగా తారుమారు చేయడం, వెయిట్‌తో గుణించడం, కూడడం. ఇలా వెయ్యి సార్లు చేస్తే చాలు.

పెడిగ్రీ_పంతులు: చాలదు. వెయ్యికి అతి చిన్న పీ దాదాపు 0.001. జీనోమ్ మొత్తానికి హద్దు 0.05ని 120తో భాగిస్తే 0.00042. వెయ్యితో దాన్ని ఎప్పటికీ దాటలేరు. కనీసం లక్ష నడపండి.

ఆర్_కోడ్: ఒప్పుకుంటున్నా, లక్ష.

నకలు_కుటుంబం: ఏడు స్కాన్‌లలో ఒకే కుటుంబాలు రెండుసార్లు లేవని చూశారా? పాత స్కాన్‌కి కొత్త కుటుంబాలు చేర్చి మళ్ళీ ప్రచురిస్తారు. అలాంటి జంటలో పెద్దదాన్నే ఉంచాలి.

పెడిగ్రీ_పంతులు: వెయిట్ అంటే రోగుల సంఖ్యకి వర్గమూలం, దాన్ని అన్ని స్టడీల సగటుతో భాగించాలి. వెయిట్ పెట్టగానే పీ పెరిగిందంటే ఆ సిగ్నల్ చిన్న స్టడీలదే. 0.0083 సూచనప్రాయ హద్దు, మీ 0.006 దాని లోపలే ఉన్నా 0.03 బయటపడింది. రెండూ రాయండి, వెయిట్‌తో వచ్చింది ముందు. హెగెస్మా నడపండి కానీ ఏడు స్కాన్‌లతో స్టడీల మధ్య తేడా పట్టే బలం తక్కువ. తేడా కనబడలేదంటే తేడా లేదని కాదు.