అట్రజిన్ మోడల్: గీత కుదిరింది, పారామీటర్లే నిలవడం లేదు

ప్రశ్న:
మట్టి బ్యాక్టీరియా అట్రజిన్ అనే కలుపు మందును విరగ్గొట్టే తీరుకు పీహెచ్‌డీలో మోనాడ్ మోడల్ (ఆహారం గాఢతను బట్టి సూక్ష్మజీవుల పెరుగుదల వేగాన్ని చెప్పే సమీకరణం) కడుతున్నాను. మొదలు కిలో మట్టికి 10 మి.గ్రా., తేమ కిలోకు 0.2 లీటర్లు, కేడీ (అట్రజిన్ మట్టికి ఎంతగా అతుక్కుంటుందో చెప్పే అంకె) కిలోకు 2 లీటర్లు. మ్యూమాక్స్ (గరిష్ఠ పెరుగుదల వేగం), కేఎస్ (అందులో సగం వేగం వచ్చే గాఢత), ఈల్డ్ (తిన్న అట్రజిన్‌కు ఎంత బ్యాక్టీరియా పుడుతుందో), తొలి బయోమాస్ (మొదట్లో ఉన్న బ్యాక్టీరియా మొత్తం) నాలుగూ ఫిట్ చేస్తే గీత డేటా మీద చక్కగా కూర్చుంటోంది. ఆరంభ విలువలు మారిస్తే మాత్రం మ్యూమాక్స్, కేఎస్ పదింతలు అటూఇటూ అవుతున్నాయి. దేన్ని నమ్మాలి?

జవాబు 1:
దేన్నీ నమ్మకండి. గాఢత కేఎస్ కంటే బాగా తక్కువైతే మోనాడ్ సమీకరణంలో మిగిలేది మ్యూమాక్స్, కేఎస్‌ల నిష్పత్తే. విడివిడిగా వాటి జాడ డేటాలో ఉండదు. ఈల్డ్, తొలి బయోమాస్ సంగతి ఇంకా కష్టం: అట్రజిన్ కొలతలు ఎన్ని తీసినా తేలేది ఆ రెండింటి నిష్పత్తే.

ఇంతకీ మోడల్‌లో ఏ గాఢత వేశారు? బ్యాక్టీరియాకు అందేది నీళ్లలో కరిగినదే అనుకుంటే 10ని (0.2 + 2)తో భాగించాలి, లీటరుకు సుమారు 4.5 మి.గ్రా. అతుక్కున్న భాగాన్ని మరిచి 10ని 0.2తో భాగిస్తే 50 వస్తుంది, కేఎస్ కూడా 11 రెట్లు ఉబ్బుతుంది.

కిలోకు 0.1, 1, 10, 100 మి.గ్రా.లతో నాలుగు సెట్లు పెట్టి, అన్నింటినీ కలిపి ఒకే ఫిట్ చేయండి. తర్వాత ఒక్కో పారామీటర్‌కూ ప్రొఫైల్ లైక్లీహుడ్ (ఆ విలువను ఒక్కోచోట కట్టేసి మిగతావి మళ్లీ సరిచేస్తే ఫిట్ ఎంత చెడుతుందో చూపే గీత) గీయండి. ఒక వైపు చదునుగా సాగిపోతే అది తేలనట్టే, ఆ అంకెను థీసిస్ పట్టికలో పెట్టొద్దు.

జవాబు 2:
బయోమాస్‌కు వేరే కొలత కావాలి. అట్రజిన్‌ను విరగ్గొట్టే ఏటీజెడ్‌ఏ, టీఆర్‌జెడ్‌ఎన్ జన్యువులను క్యూపీసీఆర్‌తో (డీఎన్‌ఏ కాపీలను లెక్కించే పద్ధతి) కాలక్రమంలో లెక్కించండి. చచ్చిన కణాల డీఎన్‌ఏ కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి చివరి రోజుల అంకెలను అతిగా నమ్మొద్దు.

అట్రజిన్ అణువులోని రింగ్ మీద కార్బన్-14 (రేడియోధార్మిక కార్బన్) లేబుల్ ఉంటే దాని నుంచి ఈల్డ్ తీయకండి. ఆ కార్బన్ అప్పటికే పూర్తిగా ఆక్సీకరణం చెందినది, దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్‌గానే పోతుంది. బ్యాక్టీరియా ఆ రింగు నుంచి తీసుకునేది నత్రజని. అందుకే మట్టిలో నైట్రేట్ ఎక్కువైతే విచ్ఛిత్తి మందగించవచ్చు. నాలుగు సెట్లలోనూ నైట్రేట్‌ను కొలవండి, లేకపోతే ఆ తేడాను కూడా మోడల్ మ్యూమాక్స్ ఖాతాలో వేసేస్తుంది.

జవాబు 3:
పారామీటర్లను లాగ్ స్కేల్‌లో వెతకండి. సాల్వర్‌గా (సమీకరణాలను అంకెలతో సాధించే ప్రోగ్రామ్) బీడీఎఫ్ లేదా ఎల్‌సోడా వాడండి. గాఢత సున్నాకు దిగువకు జారుతుంటే అబ్సల్యూట్ టాలరెన్స్ (సాల్వర్ ఒప్పుకునే పొరపాటు హద్దు) మీ డిటెక్షన్ లిమిట్ (పరికరం పట్టగల కనిష్ఠ గాఢత) కంటే బాగా తక్కువలో ఉందో లేదో చూడండి. స్టెరైల్ కంట్రోల్‌కు (పోలిక కోసం బ్యాక్టీరియాను చంపేసిన మట్టి) ఆటోక్లేవ్ (ఆవిరి వేడి) కంటే గామా రేడియేషన్ మేలు, ఎందుకంటే వేడికి మట్టి సేంద్రియ పదార్థం మారి కేడీ కూడా మారిపోతుంది.