ఉద్దానంలో మళ్లీ కొబ్బరి: ఆశావాదమా, మొండితనమా?

ప్రశ్న (పలాస): 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పడగొట్టిన తోటలో మళ్లీ కొబ్బరి వేయడాన్ని ఏటంటారు?

జవాబు 1: లెక్క ఉంటే ఆశావాదం, లేకపోతే మొండితనం. 25 అడుగుల ఎడంతో వేస్తే ఎకరాకి సుమారు 70 మొక్కలు. గొయ్యి మూడడుగుల లోతు, అంతే పొడవు, వెడల్పు. పొడుగు రకం కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు. చాలామంది తప్పేది ఇక్కడే: మొక్క బతుకుతుందని నమ్ముతారు గానీ, అన్నేళ్లు ఇల్లెలా గడుస్తుందో చూడరు. మధ్యలో అరటి వేస్తే ఏడాది దాటేసరికి గెల చేతికొస్తుంది.

జవాబు 2: మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్మన్ చెప్పేది కూడా నవ్వుతూ ఉండమని కాదు. దెబ్బ తగిలినప్పుడు మూడు అడగాలి. ఇది ఎప్పటికీ ఇంతేనా? బతుకంతా పోయిందా, తోట ఒక్కటేనా? తప్పంతా నాదేనా, గాలిదా? జవాబులు కాగితం మీద రాయాలి. మనసులో అనుకుంటే పాత దిగులే తిరిగొస్తుంది.

జవాబు 3: ఒక్క మాట బావూ, ఓడితే ప్రాణం పోయే చోట ఆశావాదం పనికిరాదు. తుపాను హెచ్చరిక ఉండగా భావనపాడులో పడవ దించడం ధైర్యం కాదు. కొబ్బరిలో పోయేది డబ్బు, కాలం. అదైనా అప్పు చేసి ఎకరాలన్నీ ఒకేసారి వేయొద్దు.

ప్రశ్న అడిగినవారు: అయితే ముందు అరెకరం, 35 మొక్కలు.