ఫిబ్రవరి 22 సభకు పాటల ఆల్బమ్: టేపుల పని, పుస్తకం పని

కర్నూలు, టేపుల పని:
డాలస్ అన్నలకు, అక్కలకు నమస్కారం. మీ సభలో వినిపించడానికి పాత పాటల క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాం. చేతికొచ్చినవి 14 క్యాసెట్లు, అరవై నిమిషాలవి 11, తొంభైవి 3. ఇంగ్లీషోళ్ల మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పదాలు, ధాత కరువు (1876-78 నాటి పెద్ద కరువు) పాటలు, పన్నుల మీద కట్టిన చెక్కభజనలు ఉన్నాయి. తొంభై నిమిషాల టేపు పల్చన, బిగుసుకుంటే సాగిపోతుంది. అందుకే ఏ క్యాసెట్టునైనా చివరిదాకా ఒకసారి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాకే ప్లే చేస్తాం. రెండింటికి లోపలి ప్రెషర్ ప్యాడ్ ఊడింది. అది లేకుంటే టేపు హెడ్‌కు, అంటే డెక్‌లో టేపును చదివే భాగానికి, ఆనదు, గొంతు మసకబారుతుంది. ఆ టేపును స్క్రూలున్న ఖాళీ క్యాసెట్టులోకి మారుస్తాం. 2009 వరదలో తడిసిన ఒకదాన్ని మాత్రం ఎవరూ డెక్‌లో పెట్టొద్దు, ఒండ్రు హెడ్‌ను గీసేస్తుంది. విప్పి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీడలో ఆరబెట్టాలి.

కంప్యూటరులోకి ఎక్కించేది నాణ్యత తగ్గించకుండా: 96 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. గంటకు 2 జీబీ పైన, మొత్తం పదిహేనున్నర గంటలకు 32 జీబీ.

డాలస్, హాలు పని:
అన్నా, పెద్ద స్పీకర్లలో బుస్సుమనే శబ్దం బాగా వినపడుతుంది. తీసేసి పంపుతారా?

కర్నూలు:
వద్దక్కా. సాఫ్ట్‌వేర్‌కు ఆ బుస్సుకూ తాళాల శబ్దానికీ తేడా తెలీదు, రెండింటినీ మింగేస్తుంది. వంతలు పాడేవాళ్లు మైకుకు దూరంగా ఉంటారు కదా, ముందు పోయేది వాళ్ల గొంతే. అంతకంటే హెడ్ పక్క స్క్రూను కొంచెం కొంచెం తిప్పుతూ, మోనోలో (రెండు వైపుల శబ్దం ఒకటిగా కలిపి) వింటూ, తాళాలు ఖంగుమన్న చోట ఆపితే సగం మసక పోతుంది. ఇది ప్రతి క్యాసెట్టుకూ విడిగా చెయ్యాలి. హాల్లో గుయ్యిమంటే 60 హెర్ట్జ్ కింద మాత్రం కొయ్యండి, పైకి పోతే గుమ్మెట వాయిద్యం గుమ్మనదు.

ఇంకొకటి, వేగం. కరెంటు మీద రికార్డు చేసిన వాటిలో 50 హెర్ట్జ్ హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్యి శబ్దం, ఉంటుంది. అది 52 దగ్గర కనిపిస్తే పాట 4 శాతం వేగంగా తిరుగుతున్నట్టు. బ్యాటరీ నీరసించిన రికార్డరులో పట్టినవాటికి ఈ ఆధారం ఉండదు. పాడినవారి ఇంటివాళ్లకు వినిపించి గొంతు సరిచూడాలి.

కడప, పుస్తకం పని:
సాహిత్యం రాసేవాళ్లు భాష దిద్దొద్దు. 'యాడ'ను 'ఎక్కడ' చేస్తే మూడు మాత్రలు నాలుగై తాళం తప్పుతుంది. క్యాసెట్టు అట్టమీద 'కర్నూలు జిల్లా కోవెలకుంట్ల' అనుంటే అట్లే ఉంచి, పక్కన ఇప్పటి నంద్యాల జిల్లా అని రాయండి. నరసింహారెడ్డిని ఆ కోవెలకుంట్లలో ఉరితీసింది 1847 ఫిబ్రవరి 22న. పాటలో తేదీ వేరుగా ఉంటే పాటను ముట్టుకోకుండా కింద గమనిక ఇద్దాం.

పాట జనానిదే, గొంతు మాత్రం ఒక మనిషిది. మన చట్టంలో ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు, రికార్డింగు హక్కు 60 ఏళ్లు. సభలో వినిపించడానికి, అచ్చు వెయ్యడానికి, ఇంటర్నెట్టులో పెట్టడానికి మూడు అనుమతులు విడివిడిగా తీసుకోవాలి. చదువు రానివాళ్లకు పత్రం మొత్తం చదివి వినిపించాకే వేలిముద్ర. ప్రతులు అమ్మితే ఎవరికెంతో అందులోనే రాయాలి, వంతలతో సహా.

డాలస్:
సరే అక్కా. పాటల ఫైళ్లున్న డిస్కులు రెండు, ఇక్కడికి తెచ్చేవాళ్లు ఇద్దరు, వేర్వేరు విమానాల్లో. మూడో ప్రతి కర్నూలులోనే ఉంచండి.