గజేంద్రమోక్షంలో ‘మూర్తులతో నెవ్వఁడాడు’: ఈ ‘తో’ ఏ అర్థంలో?

పొద్దుతిరుగుడు: డిస్కో ఎలీసియమ్ అనే వీడియో గేమ్ ఆడుతుంటే ‘నటుని భంగిఁ బెక్కగు మూర్తులతో నెవ్వఁ డాడు’ అని ఒకటే మోగుతోంది, మిగతా పాదాలు రావట్లేదు. గతం మరిచిపోయిన డిటెక్టివు, వాడి బుర్రలో 24 గొంతులు. లాజిక్ ఒకటి చెప్తే డ్రామా ఇంకోటి చెప్తుంది. ఇంతకీ ఆ ‘మూర్తులతో’ అంటే మూర్తులుగా ఆడటమా, మూర్తులతో కలిసి ఆడటమా?

కందపద్యప్రియ: ‘నర్తకుని భంగి’ అండీ. మూర్తులతో, కీర్తింప, వర్తన... నటుణ్ణి పెడితే ప్రాస గంగపాలు.

బందరు మాష్టారు: కానీ మూలమైన సంస్కృత భాగవతంలో ‘యథా నటస్యాకృతిభిర్విచేష్టతః’ (వేషాలతో ఆడే నటుడిలా) అనే ఉంది. అడిగినవారి జ్ఞాపకం పోతనను దాటి నేరుగా వ్యాసుడి దగ్గరికెళ్ళింది. అసలు నటుణ్ణి నర్తకుణ్ణి చేసింది ప్రాస కోసమేనంటారా? పోతన ప్రాసకి లొంగే రకమా?

కందపద్యప్రియ: నేనలా అనలేదు. మొదటి మాటే అది, ప్రాస పుట్టిందే దాన్నుంచి. ‘తో’ సంగతంటారా, మూలంలో ‘ఆకృతిభిః’ కరణార్థంలో తృతీయ, అంటే ఆకృతులు ఆటకి సాధనాలు, తోడు కాదు. అక్కడితో తేలిపోయింది.

బందరు మాష్టారు: మూలంలో తేలింది, తెలుగులో తేలలేదు. ‘పిల్లలతో ఆడాడు’ అంటే పిల్లల వేషం వేశాడనా?

ఓరుగల్లు అంగడి: గేములాడేవాళ్ళని వినండి. బొమ్మ చస్తే ‘నేను చచ్చిపోయాను’ అంటారు, ‘వాడు చచ్చాడు’ అనరు. కాబట్టి కరణమే. ఇక ‘ఆడు’ అంటారా, కూచిపూడివాళ్ళు భామాకలాపం ఆడతారు, హాల్లో సినిమా ‘మొదటి ఆట’. వీడియో గేములు ఎన్నటికీ కళ కాలేవని సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2010లో రాశాడు. గేమ్‌లో గెలుపుంటుంది, కళలో ఉండదన్నది ఆయన పట్టు. మరి ఎలీసియమ్‌లో గెలవడానికేముంది? పాచిక ఓడినా కథ నడుస్తుంది, ఓడిన దారే రుచిగా ఉంటుంది ఒక్కోసారి.

భీమిలి గాలి: జూదమాడటం, అబద్ధమాడటం కూడా ఆడటమేగా. ధాతువొకటైతే అన్నీ కళలేనా? ఆ గేము కళే, ఒప్పుకుంటా. రాతలో అంత బలముంది. దానికి వ్యాకరణం సాక్ష్యం ఎందుకు?

పొద్దుతిరుగుడు: ‘నేను చచ్చిపోయాను’ దగ్గరే నా చిక్కంతా. ఎలీసియమ్‌లో వాడు తాగి చేసిన పనులకి నాకు సిగ్గేస్తుంది, అప్పుడు నేనే వాణ్ణి. మరుక్షణం వాడి బుర్రలో గొంతే నాతో తగువేసుకుంటుంది, అప్పుడు వాడితో ఉన్నాను. ఒకే ‘తో’ రెండు పనులూ చేస్తోంది. నవల చదివితే నాకిలా అవ్వదు.

ఓరుగల్లు అంగడి: మనకి ఎప్పుడో ఉంది ఇలాంటిది. క్రీడాభిరామం, మన పాత వీథినాటకం! అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులు తిరుగుతారు. కోడిపందేలు, పొట్టేళ్ళ పోరు, వేశ్యవాడ. తిరగడమే కథ. ఎవరైనా స్టూడియోవాళ్ళు గేముగా తీసి, కవిగా వినుకొండ వల్లభరాయడి పేరు వేస్తే చాలు.

బందరు మాష్టారు: వల్లభరాయడికా? వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అది శ్రీనాథుడిదేనన్నారు. ఆ పద్యాల నడక వింటే తెలియట్లా?

కందపద్యప్రియ: నడక బాగుంటే చాలు శ్రీనాథుడికి రాసిచ్చేస్తారు. త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామానికి అనుసరణని తెలిసీనా?

బందరు మాష్టారు: అనుసరణ అయితే ఏం? శ్రీహర్షుడి సంస్కృత కావ్యాన్ని తెనిగించిన శృంగారనైషధం శ్రీనాథుడిది కాదటండీ మరి?

భీమిలి గాలి: ‘తో’ అడిగినావిడ ఇంకా ఉన్నారా?