అప్‌డేట్: మనం చూస్తేనే ప్రపంచం ఖరారవుతుందా?

క్వాంటం సిద్ధాంతం ప్రకారం, కొలిచేదాకా ఎలక్ట్రాన్ ఫలానా చోటే ఉందని చెప్పలేం. మరి అది ఎక్కడుందో తేలాలంటే స్పృహ ఉన్న మనిషి చూడాల్సిందేనా అని ఇంతకుముందు అడిగాను. భౌతిక శాస్త్రవేత్త విగ్నర్ 1961లో దాదాపు అలాగే అన్నాడు, తర్వాత ఆయనే ఆ మాట వదులుకున్నాడు.

నన్ను పట్టేసింది మాత్రం 2004 నాటి వియన్నా ప్రయోగం. ఎవరూ జాడ పట్టనంతవరకు అణువులు కూడా ఎలక్ట్రాన్‌లాగే తరంగాల్లా ప్రవర్తించి చారల నమూనా ఇస్తాయి. అక్కడ 70 కార్బన్ పరమాణువులున్న అణువుల్ని లేజర్‌తో బాగా వేడి చేశారు. ఆ వేడికి అవి కాంతి వదిలేకొద్దీ తరంగాల చారలు మసకబారి చెరిగిపోయాయి. ఆ కాంతిని ఎవరూ చూడక్కర్లేదు, అణువు ఎక్కడుందన్న జాడ బయటికి పొక్కితే చాలు. ఇక మనసే విశ్వాన్ని ఖరారు చేస్తోందంటే నేను నమ్మను. (మా బావ ఇంకా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.)

కానీ ఆ చారలు చూస్తున్నప్పుడు లోపల కలిగే అనుభవం ఎక్కడిది? తత్వవేత్త డేవిడ్ చామర్స్ 1995లో స్పృహకు సంబంధించిన ‘కఠిన సమస్య’ అన్నది దీన్నే. ప్రస్తుతం దానిమీద పడ్డాను.