వాగులో ఆకుల సంచులు: రెండింటికీ తేడా రావడం లేదు

నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండల నుంచి దిగే ఒక వాగులో రాలిన ఆకులు ఎలా కుళ్లుతాయో మా పాఠశాల పిల్లలతో కలిసి కొలుస్తున్నాం. నవంబరు వానలకు పారి, వేసవికి పూర్తిగా ఎండిపోయే వాగు ఇది.

5 గ్రాముల ఎండు కానుగ ఆకుల చొప్పున 8 మిల్లీమీటర్ల కన్నులున్న వల సంచుల్లోనూ, అర మిల్లీమీటరు కన్నులున్న సంచుల్లోనూ వేసి రాళ్లకు కట్టాం. ఆకులను కొరికి తినే పురుగులు పెద్ద కన్నుల్లోంచే దూరగలవు. సన్నని వలలో పని దాదాపు అంతా శిలీంధ్రాలది, బ్యాక్టీరియాది. కాబట్టి మొదటి రకం త్వరగా ఖాళీ కావాలి. నాలుగు వారాల తర్వాత చూస్తే రెండింట్లోనూ బరువు సుమారు సగానికి తగ్గింది. ఆకులు మెత్తబడి జిగురు పట్టాయి, కొరికిన రంధ్రాలు మాత్రం లేవు.

బురద కడిగి, 60 డిగ్రీల వద్ద ఆరబెట్టే తూచాం. సంచులను మడుగు నుంచి పారే చోటికి మార్చాం. కానుగకు బదులు మద్ది ఆకులూ పెట్టాం. ఫలితం అదే. చిన్న నత్తలు, సన్నని ఎర్ర పురుగులు దొరికాయి గానీ, ఆకులు కొరికే రకానికి చెందిన, నీటిలో గూడు కట్టుకునే క్యాడిస్ పురుగు (ఒక కీటకపు పిల్ల పురుగు) ఒక్కటీ కనిపించలేదు. పిల్లలకు తప్పు చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఇలాంటి వాగులో ఆకులు కొరికే పురుగులు నిజంగానే లేవా, లేక మా సంచుల్లోకి రావడం లేదా అన్నది ఏ పరీక్షతో తేల్చవచ్చు?